వలలో మధ్య ముక్క

రాజమహేంద్రవరం, రైలు వంతెన పని దగ్గర పాకలు,
వికారి వైశాఖ బహుళ తదియ.

లోవమ్మకి అన్న పల్లంరాజు రాసేది,

నేను పారిపోయానా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా ఆడిందే? నిన్న సాయంత్రం పని దిగొచ్చేసరికి నీ కవరు మేస్త్రీ దగ్గరుంది. ఏటి ఒడ్డున కూచుని చదివాను. "చెల్లెల్ని అమ్మవారి పీట మీద కూచోబెట్టి పారిపోయిన పిరికోడివి" అన్నావు. అంత మాటొచ్చిందేం నీకు? ఆ అక్షరాలు నావి. బడి మానేసి నా పలక నీ ఒళ్ళో పడేసిన రోజు అయ్య నన్ను తెడ్డుతో కొట్టాడు. ఆ పలక మీద నేర్చుకుని ఇప్పుడు నన్నే తిడుతున్నావు.

నువ్వు మర్చిపోయినట్టున్నావు. మొదట్నించీ గుర్తు చేస్తాను, విను.

అయ్య రంగూన్ పనికి రంగం ఓడెక్కి రెండు నెలలు. ఎండాకాలం, ఏరంతా ఇసక. చేపంతా నూకాలమ్మ మడుగులో చేరింది. పేటలో పడవలన్నీ అక్కడే, మనకి మాత్రం ఒక్క పడవలోనూ చోటు లేదు. "మీ అయ్య వచ్చాక రండిరా. పిల్లకాయల చేతికి వల ఇస్తే చేపలు నవ్వుతాయి" అన్నాడు కులపెద్ద వెంకటరాజు. అందరూ నవ్వారు. మన ముగ్గురికీ ఒళ్ళు మండింది, చిన్నోడు బ్రహ్మం గాడికి కూడా. కొత్తమావాస్య జాతరలో ముసలి సంపూర్ణమ్మకి పూనకం వస్తే ఆ వెంకటరాజే గజగజా వణికాడు. అది చూసి నేను నవ్వులాటకి ఒక మాటన్నాను, "ఆ పూనకం నీకొస్తే మడుగు మనదే" అని. నవ్వులాటకే అన్నాను! నువ్వు జుట్టు విప్పుకుని వెళ్ళి మధ్యలో పడ్డావు.

"నా మడుగులో పదకొండు రోజులు వల పడకూడదు. పడితే నెత్తురు కక్కిస్తా" అన్నావు. వెంకటరాజు కాళ్ళ మీద పడ్డాడు. ఆయన నెత్తి మీద కాలు పెట్టావు. ఎందుకే అంత ఎక్కువ చేశావు అనడిగితే, "పిల్లకాయలన్నాడుగా" అన్నావు.

ఆ పదకొండు రోజులూ మడుగు వేపు తలెత్తి చూసినవాడు లేడు. మనం పట్టపగలే వలేశాం. ఎవరి వల? అయ్యదీ రాముడు బాబాయిదీ ఒకే వల, రెండు సగాలు. ఇరవై ఏళ్ళుగా చెరో కొసా పట్టుకుని ఏట్లో దిగుతారు, ఒడ్డెక్కాక ఎవరి సగం వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు. అయ్య సగం అటక మీద, అమ్మ కళ్ళ ముందుంది. అందుకని రాముడు బాబాయి కంచె మీద ఆరేసిన సగం ఎత్తుకొచ్చాం. ఆయన పగలు కాలవ పూడిక పనికి పోతాడు గదా అని. సాయంత్రానికి మళ్ళీ కంచె మీద వేసేసేవాళ్ళం. బొచ్చె చేపలు పడ్డాయి. కాలవ అవతలి సంతలో అమ్ముకున్నాం. నువ్వు మోచేతి దాకా గాజులేయించుకున్నావు. నేను చొక్కా కొన్నాను. బ్రహ్మం గాడు కడుపు నొప్పొచ్చేదాకా జీళ్ళు తిన్నాడు.

తొమ్మిదో రోజు వల మొద్దుకి చిక్కింది. లాగితే రాలేదు, కత్తితో కోశాను. ఒక ముక్క మొద్దుకే ఉండిపోయింది. పక్కన చీలికలైపోయిన మధ్య ముక్కని తేలుడు బెండ్లతో సహా కోసేసి, మిగతా వల మడతపెట్టి మళ్ళీ కంచె మీద వేశాం. మధ్య ముక్క కాల్చెయ్యమన్నావు. సరేనన్నాను.

పన్నెండో రోజు పడవలు మడుగులోకెళ్ళాయి, మొద్దు మీది ముక్క బయటపడింది. మన పేటలో ముడి చూసి మనిషిని చెప్పేస్తారని మనకి తెలీదా? రాముడు బాబాయిది ఎడమచేతి ముడి. అలాంటి ముడి ఈ ఒడ్డున ఇంకెవరూ వెయ్యరు. ఆయన వల విప్పి చూస్తే పెద్ద కన్నం. "మధ్య ముక్క ఏదిరా?" అనడిగాడు వెంకటరాజు. "నాకు తెలీదండి పెద్దయ్యగారూ, ఆ తల్లి మీదొట్టు" అన్నాడాయన. వెలివేశారు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, ఆయన వల రెండో కొస పట్టుకునే మనిషి లేడు.

ఆ రోజు నేను నోరు తెరవలేదు. నువ్వు తెరిచావా? మూడో రోజు పొద్దున నేను వచ్చేశాను, అంతే తేడా.

మళ్ళీ జుట్టు విప్పుకో. ఆ బొంగురు గొంతుతోనే బాబాయిని వెలి నుంచి తియ్యమని చెప్పు. నీ నోటితో పెట్టింది నీ నోటితోనే తియ్యి. ఆ పని చేసి అప్పుడు నన్ను తిట్టు.

పల్లంరాజు.


మొండిలంక,
వైశాఖ బహుళ ద్వాదశి.

అన్నయ్యకి,

నవ్వులాటకి అన్నావా? చెరుకుతోటలో రెండు రోజులు నాకు నేర్పిందెవరు? "గొంతు కడుపులోంచి రావాలి, కళ్ళు పైకి తిప్పు, ముందు వేపరొట్ట నములు" అన్నదెవరు? బ్రహ్మం గాడి చేత డప్పు కొట్టించి మరీ ఊగించావు. పదకొండు రోజులన్న లెక్క కూడా నీదే. నేను ఐదన్నాను. "ఐదేం సరిపోతాయే" అన్నావు. కాలు పెట్టింది మాత్రం నేనే, ఒప్పుకుంటాను. అదొక్కటే నా సొంతం.

నువ్వు చెప్పకముందే ఆ పని చేశాను. పోయిన గురువారం పేటంతా వచ్చి కూచుంది. ప్రతి గురువారం వస్తున్నారు. నేను ఊగి, "రాముణ్ణి క్షమించాను, కలుపుకోండి" అన్నాను. ఇక నా తల మీది బరువు దిగిందనుకున్నాను. వెంకటరాజు లేచి దణ్ణం పెట్టి, "విన్నారుగా, అమ్మే క్షమించానంది. అంటే తప్పు చేసినట్టేగా" అన్నాడు. రాముడు బాబాయి రేవులో అందరి ముందూ నిలబడి దొంగతనంగా వలేశానని ఒప్పుకోవాలంట, అప్పుడు కలుపుకుంటారంట. "చెయ్యంది ఒప్పుకోనండి" అన్నాడాయన. మర్నాటికి పేటలో లేడు. ఎక్కడికెళ్ళాడో లోవలక్ష్మి పిన్నికి కూడా తెలీదు. పిన్ని అందరూ వెళ్ళిపోయాక రేవుకొస్తుంది. నన్ను చూస్తే కడవ దించి దణ్ణం పెడుతుంది. నాకు దణ్ణం పెడుతుంది, అన్నయ్యా!

అమ్మ నన్ను అంట్లు ముట్టనివ్వదు. పొద్దున్నే నా కాళ్ళకి పసుపు రాస్తుంది. కన్నతల్లి నన్ను "మీరు" అంటోంది. నాకు నవ్వొచ్చినా నవ్వకూడదు. మొన్న బ్రహ్మం గాడు కుక్కని చూసి జారిపడితే నవ్వాను. ఏం కీడు రాబోతోందో అని ఆ రోజంతా ఒక్క పడవ కూడా ఏట్లోకి దిగలేదు.

నువ్వక్కడ చొక్కా తొడుక్కుని తిరుగుతూ నాకు బుద్ధులు చెబుతున్నావు.

లోవమ్మ.


రాజమహేంద్రవరం,
జ్యేష్ఠ శుద్ధ పంచమి.

లోవమ్మకి,

"క్షమించాను" అన్నావా! నీ తెలివి తగలెయ్య. "వాడి తప్పు లేదు" అనడానికి నోరు రాలేదా? నాలుగు ముక్కలు నేర్పితే మూడు సరిగ్గా చెప్పి నాలుగోదాంట్లో మనిషిని ముంచేశావు.

సరే, చెరుకుతోట నిజమే. రాసుకో, నేనే నేర్పాను.

రాముడు బాబాయి ఎక్కడున్నాడో నాకు తెలుసు. నా పక్క చాప మీద ఉన్నాడు.

శుక్రవారం రాళ్ళ పడవ వచ్చింది. దింపడానికి వరసలో నిలబడ్డాం. నా ముందున్న మనిషి రాయి ఎడమచేత్తో ఎత్తుకుంటున్నాడు. ఆ చెయ్యి చూడగానే ఎవరో తెలిసిపోయింది. తిరిగి చూసి, "ఏరా పల్లం, నువ్వూ ఇక్కడేనా! అయ్య లేనప్పుడు ఇల్లొదిలి వచ్చేశావేరా? తిన్నావా?" అన్నాడు. అంత కష్టంలో ఉండి నన్నడిగింది అదీ, తిన్నావా అని. నాకు ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో నీకు అర్థమవుతుందిలే.

ఆ రోజు నుంచి అన్నం ఆయనే వండుతున్నాడు. నాకు ఆకులో పెట్టి, ఆకుని ముందుకి తోసి, ఆయన దూరంగా జరిగి కూచుంటాడు. "నాతో కూచుంటే నీకూ అంటుతుందిరా వెలి. మీ అయ్యకి నేనేం సమాధానం చెప్పను?" అంటాడు. ఇక్కడెవడు చూస్తాడు బాబాయ్ అన్నాను. "అమ్మవారు చూస్తుందిగా" అన్నాడు.

ఇంకా విను. నిన్న రాయి మీద కూచుని ఉన్నట్టుండి అడిగాడు, "ఒరే, మనిషి నిద్రలో లేచి వెళ్ళి వలేస్తాడంటావా?" అని. ఎందుకలా అడిగావంటే, "ముడి నాదే కదరా. దూరం నుంచి చూసినా నా ముడి నాకు తెలీదా. మీ చెల్లి నోట ఆ తల్లి అబద్ధమాడదు. మరి నేనే వెళ్ళుండాలి. ఎప్పుడెళ్ళానో గుర్తు రావడం లేదు" అన్నాడు. ఏట్లో ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషి తనని తానే అనుమానిస్తున్నాడు. ఆయన ఇవాళో రేపో వెళ్ళి ఒప్పేసుకుంటాడు. ఒప్పుకుంటే అయ్య వచ్చాక ఏమంటాడు? దొంగ వలకి రెండో కొస పట్టనంటాడు. మన అయ్య సంగతి నీకు తెలుసు.

ఇంక పూనకాలు చాలు. మామూలు గొంతుతో, నీ గొంతుతో, అమ్మతో చెప్పు. నేను ఇక్కడ బాబాయితో ఎలా చెప్పను? ఆయన పెట్టిన అన్నం నోట్లో ఉండగా ఎలా చెప్పను?

పల్లంరాజు.


మొండిలంక,
జ్యేష్ఠ బహుళ పాడ్యమి.

అన్నయ్యకి,

చెప్పాను. నువ్వు రాయకముందే సగం చెప్పాను, నీ ఉత్తరం చూశాక మొత్తం చెప్పాను.

అమ్మ తిరగలి దగ్గర కూచుని ఉంది. ఎదురుగా కూచుని, "అమ్మా, నాకే అమ్మవారూ రాలేదు. అన్నయ్యా నేనూ ఆడిన నాటకం. వలేసింది మేమే" అన్నాను. అమ్మ పిండి చేతులతోనే లేచి దణ్ణం పెట్టింది. "తల్లీ, నన్ను పరీక్షించకు. పిల్లని అడ్డం పెట్టుకుని ఎందుకిలా అంటావు?" అని ఏడ్చింది. నేను అమ్మని పట్టుకుని ఊపేశాను. ఊపితే పూనకం అనుకుని పసుపునీళ్ళు తెచ్చి నా మీద పోసింది.

వెంకటరాజు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవులు మూసుకున్నాడు. "రాముడు ఏదో చేతబడి చేయించాడు, పిల్ల నోట ఆడిస్తున్నాడు" అన్నాడు. చూశావా, నిజం చెప్పినందుకు బాబాయి మీద ఇంకోటి వేశారు. బ్రహ్మం గాడు సాక్ష్యానికొచ్చి జీళ్ళ సంగతి కూడా చెప్పాడు. వాడికీ దిష్టి తీశారు.

మరీ దారుణం ఇంకోటుంది. సంపూర్ణమ్మకి చూపు ఆనడం లేదు. ఆషాఢ శుద్ధ పాడ్యమి నాడు ఆవిడ చోట నన్ను గణాచారిగా కూచోబెడతారంట. మెడలో పసుపుతాడు పడితే ఇంక పెళ్ళి లేదు, ఏరు దాటడం లేదు, చచ్చేదాకా పేటకి జోస్యాలు చెబుతూ ఆ గుడి అరుగు మీదే ఉండాలి. అమ్మ మురిసిపోతోంది. అయ్య ఓడ కూడా ఆ రోజులకే కాకినాడ చేరుతుందని కబురొచ్చింది. అయ్య వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెడితే నేను బతకను.

నా మాట ఎవరూ వినడం లేదు. నేనేం మాట్లాడినా అమ్మవారో దెయ్యమో మాట్లాడినట్టే. నువ్వొచ్చి చెప్పు.

లోవమ్మ.


రాజమహేంద్రవరం,
జ్యేష్ఠ బహుళ షష్ఠి.

లోవమ్మకి,

ఇప్పుడు నీ మెడకి తాడు వచ్చేసరికి అన్నయ్య కావలసి వచ్చాడా? గాజులేయించుకున్నప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? బాబాయి వెలి పడి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలల్లో ఒక్క ఉత్తరంలోనైనా "నువ్వు రా" అన్నావా? పసుపుతాడు అనగానే రమ్మంటున్నావు.

నేను రాను. వస్తే ఏమంటారు? చెల్లెల్ని కాపాడుకోడానికి అబద్ధమాడుతున్నాడంటారు. లేకపోతే వీడికీ చేతబడి అంటారు. బాబాయితో చెబితే నాకిక్కడ ఉన్న ఒక్క మనిషీ పోతాడు. నాకు జ్వరమొస్తే నా బదులు రెండు రోజులు రాళ్ళు ఆయనే మోశాడు. మేస్త్రీ తిడితే ఆయనే అడ్డం నిలబడ్డాడు. ఆ బాధ నువ్వు పడు, నీకు తెలుస్తుంది.

నువ్వు మొదలెట్టావు, నువ్వే చూసుకో. నాకింక రాయకు.

పల్లంరాజు.


మొండిలంక,
జ్యేష్ఠ బహుళ నవమి.

అన్నయ్యా,

రాయకు అన్నా రాస్తున్నాను. తిట్టు, పడతాను. నువ్వన్నది నిజమే, తాడు మాట వచ్చాకే రమ్మన్నాను. రాత్రంతా ఆలోచించాను, నిజమే.

నాకోసం రావద్దు. తాడు కట్టించుకుంటానులే. బాబాయితో మాత్రం చెప్పు. నిద్రలో వెళ్ళలేదని ఆయనకి తెలియాలి. పేట నమ్మకపోతే పోనీ, ఆయనైనా నమ్మాలి కదా. లోవలక్ష్మి పిన్ని నిన్న నన్ను అడిగింది, "తల్లీ, ఆయన బుద్ధి ఎందుకు తప్పించావమ్మా?" అని. ఏం చెప్పమంటావు?

ఆ మధ్య ముక్క కాల్చెయ్యమన్నది నేనే. నా నోరు పడిపోను. అది ఉంటే గుడిలో కట్టిన మొద్దు ముక్కకి ఒక వేపు, బాబాయి వలకి ఒక వేపు అతికించి చూపిస్తే గుడ్డివాడికైనా తెలిసేది, అది ఎవరి దగ్గరుంటే వాడే దొంగని. వెంకటరాజు అడిగింది కూడా అదే కదా, మధ్య ముక్క ఏదిరా అని.

లోవమ్మ.


రాజమహేంద్రవరం, కోటిలింగాల రేవు,
జ్యేష్ఠ బహుళ త్రయోదశి.

లోవమ్మా,

మధ్య ముక్క కాల్చలేదు.

కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్ళాను. ఆ ముడులు చూసి చెయ్యి రాలేదు. నీతో సరే అన్నాను గానీ కాల్చలేదు. నా మూటలో అడుగున ఉంది. రెండు నెలలుగా దాని మీదే తల పెట్టుకుని పడుకుంటున్నాను. బాబాయి పక్క చాప మీదే, తలకింద ఆయన వల పెట్టుకుని! ఇప్పుడు తిట్టు, ఎంత కావాలంటే అంత.

నిన్న నీ ఉత్తరం చదివి, పని మానేసి, మూట విప్పి ఆయన ముందు పడేశాను. ముక్కని ఒళ్ళోకి తీసుకుని ముడులన్నీ వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు, ఒక్కోటీ. చివరికి కోసిన అంచు దగ్గర ఆగాడు.

"ఇది చిరిగింది కాదు. కోశారు. ఎవరు కోశారు?"

"నేనే."

అప్పుడు కొట్టాడు. ఎడమచేత్తో. నా చెవి ఇంకా గుయ్యిమంటోంది. "చిక్కుకుంటే నీళ్ళలో దిగి విడదియ్యాలిరా. వలని కోస్తారా ఎవరైనా? మీ అయ్య నీకు అదైనా నేర్పలేదా?" అన్నాడు. మొద్దు మీద దొరికిన ముక్కని గుడిలో దూరం నుంచి చూపించారంట, వెలి పడ్డవాడు ముట్టకూడదని. ఇంటి దగ్గరి వలని ఆ తల్లి కోపానికి భయపడి ఆయనే ముట్టలేదంట. ముట్టనిచ్చి ఉంటే కోసిన అంచు ఆ రోజే ఆయన వేళ్ళకి తగిలేది. ఏ వలవాడూ తన వల కొయ్యడని ఆ రోజే అందరికీ చెప్పేవాడు. ఆ వెంకటరాజుకి వేళ్ళు లేవా? అంచు చూళ్ళేదా? అమ్మవారు చెప్పింది కదా అని ఎవరూ చూసి ఉండరు.

మొత్తం చెప్పాను. చెరుకుతోట, పూనకం, సంత, జీళ్ళు. "నిద్రలో వెళ్ళలేదన్నమాట" అన్నాడు. తర్వాత, "అన్నం పెట్టిన రోజైనా చెప్పలేకపోయావురా" అన్నాడు. ఆ దెబ్బ ముందు చెంప దెబ్బ ఎంత. నేనేదో అనబోతే, "నోర్ముయ్" అన్నాడు. పాడ్యమి ఎప్పుడని అడిగాడు. నాలుగు రోజుల్లో అన్నాను. లేచి తన మూట కట్టుకున్నాడు.

మేం బయల్దేరుతున్నాం. ఉప్పు పడవ ఒకటి కిందికి వెళ్తోంది, దానికి తెడ్డేస్తామని ఎక్కాం, గాలి కోసం ఇంకా రేవులోనే ఆగి ఉంది. ఈ కవరు పొద్దుటి స్టీమరు సంచిలో నీకు ముందే చేరుతుంది. అందుకే రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

పాడ్యమి నాడు గుడి దగ్గర జుట్టు గట్టిగా ముడేసుకుని కూచో. ఒక్క వెంట్రుక విడవకూడదు. ఊగకు, ఏడవకు, కళ్ళు పైకి తిప్పకు. నువ్వు ఏడిస్తే వాళ్ళకి అమ్మవారు ఏడ్చినట్టే. పిన్ని చేత బాబాయి వల అక్కడికి తెప్పించు. మూడు ముక్కలూ నేల మీద పరుస్తాను. వెంకటరాజు వంగి తన చేత్తో తాకి చూడాలి, తాకేదాకా నేను అక్కణ్ణించి కదలను. చేతబడి అని ఒక్కడన్నా ఆ ముక్క వాడి మూతికే కడతాను. వెలి వేస్తే నన్ను వెయ్యనీ. అయ్య అప్పటికి దిగి ఉంటే ఇంకా మంచిది, తెడ్డు తెచ్చుకోమను. ముందు నన్ను కొట్టాలి, తర్వాత నిన్ను. బ్రహ్మం గాణ్ణి వదిలెయ్యమందాం.

అమ్మ నీ కాళ్ళకి పసుపు రాయబోతే కాళ్ళు వెనక్కి తీసుకో. అంట్లు తోము. ఆ రోజు పొద్దున అందరూ చూస్తుండగా రేవులో కూచుని అంట్లు తోము.

నీ మీద కోపం పోలేదు. నా మీద నాకు ఉన్నంత లేదు, అంతే. బాబాయి నిన్నటిదాకా వెలి అంటుతుందని నన్ను దూరంగా కూచోబెట్టేవాడు. ఇవాళ పడవలో కూడా దూరంగానే కూచోమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ మధ్య ముక్క మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు, చీలికలైన చోట అప్పుడే ముడులు మొదలెట్టాడు. రుజువు పోతుంది బాబాయ్, పాడ్యమి దాకా ఆగు అని నేను

బాబాయి కేకేస్తున్నాడు. పేరు పెట్టి కాదు. "ఒరే దొంగా, గాలి మళ్ళింది" అని. పోవాలి.